ఐరన్ మెయిడెన్ కొత్తగా వినేవాళ్లు ఏ హిట్స్ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

హెవీ మెటల్ సంగీతం మీకు కొత్త, బ్రిటిష్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ ఆల్బమ్‌లు చూస్తే బోలెడున్నాయి, హిట్స్ సంకలనాలే నాలుగైదు కనిపిస్తున్నాయి, ఏది పట్టుకోవాలి అని అడిగారు. నా ఓటు 2008లో వచ్చిన ‘సమ్‌వేర్ బ్యాక్ ఇన్ టైమ్’కి. కాకపోతే దాన్ని బ్యాండ్ చరిత్ర అనుకోకండి, కచేరీకి ముందు ఇచ్చిన సిలబస్ అనుకోండి. అదే పేరుతో ఆ ఏడాది ఫిబ్రవరి 1న మన ముంబైలోనే ప్రపంచ టూర్ మొదలైంది. అందులో ఎక్కువగా ఎనభైల నాటి పాటలే వాయించారు. ఆల్బమ్ మే నెలలో వచ్చింది. అందుకే 1980 నుంచి 1989 దాకా ఉన్న పాటలే ఇందులో ఉన్నాయి.

ఇది నా దగ్గరికి వచ్చిన దారి కూడా అదే. అప్పట్లో బెంగళూరులో ఉద్యోగం, రూమ్‌లో అందరం తెలుగువాళ్లమే, మెటల్ పిచ్చి మాత్రం ఒక్కడికే. 2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ షోకి వెళ్లొచ్చి కొన్నాళ్లు గొంతు పోయి సైగలతో మాట్లాడాడు. 2009 ఫిబ్రవరిలో మళ్లీ వస్తున్నారనగానే నన్ను లాక్కెళ్లాలని ఈ సీడీ చేతిలో పెట్టి, ‘ఇవి వచ్చేస్తే చాలురా’ అన్నాడు.

చాల్లేదనుకోండి. ఆ రాత్రి ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ మొదలవగానే గ్రౌండ్ మొత్తం గిటార్ ట్యూన్‌ని కూడా ‘ఓ ఓ ఓ’ అంటూ పాడేస్తోంది, నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. అది 1992 నాటి పాట, సీడీలో ఎలా ఉంటుంది! ‘రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్’ కూడా వాయించారు. అది 1984 నాటిదే, కానీ పదమూడు నిమిషాలు దాటుతుంది కాబట్టి హిట్స్ సీడీలో చోటు దొరకలేదేమో.

ఎంపిక విషయానికొస్తే, 1982లో వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’కి పెద్దపీట వేశారు. ఆ ఆల్బమ్‌లో ఉన్నదే ఎనిమిది పాటలు, నాలుగు ఇక్కడున్నాయి. 1983 నాటి ‘పీస్ ఆఫ్ మైండ్’ నుంచి మాత్రం ‘ది ట్రూపర్’ ఒక్కటే. ‘రెవెలేషన్స్’ని వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, ‘ట్రూపర్’ దగ్గర కాస్త ఆగండి. క్రిమియా యుద్ధంలో, 1854లో, బ్రిటిష్ ఆశ్విక దళం రష్యన్ ఫిరంగులకు ఎదురెళ్లిన ఘటన ఆ పాటకు ఆధారం. బ్యాండ్ పెట్టిన స్టీవ్ హారిస్ బేస్ గిటార్‌ని పిక్ (తీగలు మీటే చిన్న ముక్క) లేకుండా వట్టి వేళ్లతో వాయిస్తాడు. ఒక పొడుగు దెబ్బ, వెంటనే రెండు పొట్టి దెబ్బలు: డుగ్-డుగుడుగ్, డుగ్-డుగుడుగ్. గుర్రాల దౌడు అది. ఫోన్ స్పీకర్‌లో ఇది వినపడదు, గిటార్ల అరుపే వినిపించి ‘గోలగా ఉంది’ అనిపిస్తుంది. మెటల్ నచ్చలేదన్న నా ఫ్రెండ్స్‌లో సగం మంది ఫోన్ స్పీకర్‌లో విన్నవాళ్లే. ఓ మాదిరి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నిమిషమంతా బేస్ ఒక్కదాన్నే పట్టుకోండి, మిగతా పాటలన్నిటికీ దారి దొరుకుతుంది.

చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. మొదటి రెండు ఆల్బమ్‌లు (1980, 1981) పాడింది పాల్ డియానో. ఈ సంకలనంలో ఆయన గొంతే లేదు. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’, ‘రాత్‌చైల్డ్’, ‘ఐరన్ మెయిడెన్’ మూడింటికీ అసలు రికార్డింగ్‌లు పక్కనపెట్టి, 1985 లైవ్ ఆల్బమ్ ‘లైవ్ ఆఫ్టర్ డెత్’ నుంచి, డియానో తర్వాత వచ్చిన గాయకుడు బ్రూస్ డికిన్సన్ పాడినవి తీసుకున్నారు. బ్రూస్ గొంతు ఆకాశానికి లేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ‘రాత్‌చైల్డ్’కి డియానో గొంతులో ఉన్న గరుకు, ఆ వీధి పొగరు కావాలి. ‘కిల్లర్స్’ ఆల్బమ్‌లో ఒరిజినల్ వినండి, పాటే వేరుగా అనిపిస్తుంది. టూర్‌కి వచ్చే కొత్త జనానికి స్టేజీ మీద వినబోయే గొంతునే అలవాటు చేద్దామనుకుని ఉంటారు. అర్థం చేసుకోగలను గానీ, నాకు నచ్చలేదు.

మిగతా సంకలనాల గురించి రెండు ముక్కలు. 1996 నాటి ‘బెస్ట్ ఆఫ్ ది బీస్ట్’ రెండు సీడీల వెర్షన్ కొత్త పాటల నుంచి పాతవాటికి వెనక్కి నడుస్తుంది, డియానో కూడా ఉంటాడు. కాస్త అలవాటయ్యాక అది బాగుంటుంది, మొదటిసారికి బరువు. 2011లో వచ్చిన ‘ఫ్రమ్ ఫియర్ టు ఎటర్నిటీ’ 1990 నుంచి 2010 దాకా కవర్ చేస్తుంది, నన్ను నోరు మూయించిన ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ అందులో ఉంది.

యాప్‌లో వింటే షఫుల్ ఆపేయండి. ‘సమ్‌వేర్ బ్యాక్ ఇన్ టైమ్’ మొదట్లో వచ్చే చర్చిల్ ప్రసంగం అవగానే ‘ఏసెస్ హై’ పాట దూకాలి, మధ్యలో ఇంకేదీ రాకూడదు. కనీసం నాలుగు పాటలు నచ్చితే ఇంకో సంకలనం వెతక్కుండా నేరుగా ‘పవర్‌స్లేవ్’ ఆల్బమ్ మొత్తం పెట్టుకోండి. ‘మారినర్’ దాని చివర్లోనే ఉంది.