కొత్త లేత్‌కి లోన్ తీసుకునే ముందు

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు చిన్న యూనిట్ ఉంది. ఆటో విడిభాగాల కంపెనీ ఒకదానికి స్టీల్ బుష్‌లు (చిన్న గొట్టాల్లాంటి భాగాలు) చేసి పంపుతాం. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్ ఒకటి, దాని తర్వాత ఆయిల్ హోల్ వేసే డ్రిల్లింగ్ మెషిన్, ఆపైన బర్ (అంచున మిగిలే గరుకు) తీయడం, కడగడం, చెకింగ్. లేత్ మీద పీసుకి 28 సెకన్లు, డ్రిల్లింగ్‌కి 30. వాళ్లు షిఫ్ట్‌కి 800 అడుగుతున్నారు. లెక్క ప్రకారం రావాలి, కానీ 640 దగ్గరే ఆగిపోతోంది. రెండో లేత్‌కి లోన్ తీసుకుందామనుకుంటుంటే మా అల్లుడు మాత్రం ‘ముందు కంప్యూటర్లో సిమ్యులేషన్ చేయించండి మామయ్యా’ అంటున్నాడు. అది పెద్ద కార్ల కంపెనీలకే కదండీ, మాలాంటివాళ్లకి పనికొస్తుందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, గాజువాక

జవాబు: పనికొస్తుందండీ, మీ అల్లుడు మంచిమాట చెప్పారు. సిమ్యులేషన్ అంటే మీ లైన్‌కి కంప్యూటర్లో ఒక నమూనా, అంటే మోడల్, కట్టి నడిపి చూడటమే. లోన్ కాగితాల మీద సంతకం మాత్రం కొన్నాళ్లు ఆపండి.

మీ ఉత్తరం చూసి ఫోన్ చేసినప్పుడు, రెండు రోజులు మెషిన్ పక్కనే నిలబడి లైన్ ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో, ఎన్ని నిమిషాలు ఆగిందో రాయమన్నాను. మీరు పంపిన ఆ కూలెంట్ మరకల కాగితంలోనే సగం జవాబు ఉంది. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో భోజనం, టీలకి 50 నిమిషాలు పోతే మిగిలేది 430 నిమిషాలు, అంటే 25,800 సెకన్లు. 800 పీసులు కావాలంటే సుమారు 32 సెకన్లకో పీసు బయటికి రావాలి. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. మీ రెండు మెషిన్లూ 32 లోపే ఉన్నాయి కాబట్టి సరిపోతుందనుకున్నారు.

కానీ లేత్ ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) 120 పీసులకోసారి మార్చాలి, నాలుగు నిమిషాలు. డ్రిల్ బిట్ 150 పీసులకోసారి, ఐదు నిమిషాలు. మార్చిన ప్రతిసారీ మొదటి పీసుని క్వాలిటీ అబ్బాయి వచ్చి పాస్ చేసేదాకా సగటున ఏడు నిమిషాలు మెషిన్ ఊరికే ఉంటోంది. పైగా రెండు మెషిన్ల మధ్య పీసులు పెట్టుకునే చోటే లేదు, అందుకని ఒకటి ఆగితే రెండోదీ ఆగుతోంది. ఈ ఆగడాలన్నీ పీసుల మీద పంచి డ్రిల్లింగ్ 30 సెకన్లకి కలిపితే ఒక్కోదానికి 40.3 సెకన్లు పడుతోంది, 25,800ని దాంతో భాగించి చూడండి, మీ 640 అలాగే వస్తుంది.

ఇప్పుడు రెండో లేత్ కొన్నారనుకుందాం. డ్రిల్లింగ్ ఒక్కదానికే బిట్ మార్పు, పాస్ కోసం ఎదురుచూపు కలిపి పీసుకి దాదాపు 35 సెకన్లు పడుతోంది కదా, ఎన్ని లేత్‌లు పెట్టినా 740 దగ్గరే ఆగుతుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి, డ్రిల్లింగ్ ముందు ట్రేలు పేరుకుపోతాయి.

ఇంతవరకు కాగితం మీదే అయింది, మరి సిమ్యులేషన్ ఎందుకంటారా? మధ్యలో ట్రే పెడితే ఎన్ని పీసులది పెట్టాలో చూద్దాం. లేత్ 11 నిమిషాలు ఆగితే ఆలోగా డ్రిల్లింగ్ 22 పీసులు తింటుంది, సరే, పాతిక పీసుల ట్రే చాలు అనిపిస్తుంది. అయితే ఖాళీ అయిన ఆ ట్రే మళ్లీ నిండాలంటే లేత్ డ్రిల్లింగ్ కంటే పీసుకి రెండు సెకన్లే ముందుంటుంది, ఆ లెక్కన రెండున్నర గంటలు పడుతుంది, ఈలోపు లేత్ ఇన్సర్ట్ మళ్లీ అరిగిపోతుంది. మధ్యలో డ్రిల్లింగ్ ఆగినప్పుడు మాత్రం లేత్ ట్రే నింపుకుంటుంది. ఏది ఎప్పుడు ఆగుతుందో, ఏ రెండు ఒకేసారి ఆగుతాయో మనిషి చేత్తో పట్టుకోలేడు. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే, ప్రతి పీసునీ, ప్రతి ఆగడాన్నీ ఒక సంఘటనగా తీసుకుని కొన్ని నెలల షిఫ్టుల్ని నిమిషాల్లో నడిపి చూపిస్తుంది. ట్రే సైజు మార్చి చూడొచ్చు, కొలత సరిపోయిందో లేదో అక్కడికక్కడే చెప్పే గో–నోగో గేజ్ ఆపరేటర్ చేతికే ఇచ్చి ఆ ఏడు నిమిషాల్ని ఒక్క నిమిషానికి తగ్గిస్తే ఏమవుతుందో చూడొచ్చు. నా అంచనాలో గేజ్, ట్రే, ముందే సెట్ చేసి ఉంచిన డ్రిల్ బిట్లు, ఈ మూడింటితోనే మీరు 800 దగ్గరికి వస్తారు.

ఒక్క జాగ్రత్త. సగటు ఏడు నిమిషాలని మోడల్లో రాసి వదిలేయొద్దు. మీ కాగితంలోనే ఒకసారి రెండు నిమిషాలు ఉంది, ఒకసారి క్వాలిటీ అబ్బాయి భోజనానికి వెళ్తే పంతొమ్మిది ఉంది. ఆ హెచ్చుతగ్గులే లైన్‌ని చంపేవి. రెండు రోజులది చాలదు, కనీసం మూడు వారాలు, రాత్రి షిఫ్ట్ కూడా కలిపి, కరెంట్ పోయిన సమయాలతో సహా రాయించండి. మోడల్ తయారయ్యాక మొట్టమొదట ఇప్పటి లైన్‌నే అందులో నడపమనండి. 640 దరిదాపుల్లో రాకపోతే ఆ మోడల్ చెప్పే మిగతా ఏ మాటా నమ్మకండి.

ప్రశ్న: నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఈ రంగంలోకి రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?
– విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: పెద్ద ఆటో కంపెనీల్లో సీమెన్స్ వారి ప్లాంట్ సిమ్యులేషన్ బాగా వాడతారు, లైసెన్స్ ఖరీదైనది. నీకు ఇప్పుడు అది అక్కర్లేదమ్మా. పైథాన్ వస్తే సిమ్‌పై, బొమ్మలతో కావాలంటే జామ్‌సిమ్, రెండూ ఉచితం. ఎనీలాజిక్‌కి కూడా నేర్చుకునేవాళ్ల కోసం ఉచిత ఎడిషన్ ఉంది. అన్నిట్లో ఉండే ఆలోచన ఒకటే, క్యూ, మెషిన్, ఆగడం. విశాఖలాంటి ఉక్కు ఊళ్లో ఉండే మనం తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి, ఇలాంటి తొలి సిమ్యులేషన్ ప్రోగ్రాముల్లో ఒకటి 1950ల చివర్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో, ఒక స్టీల్ కంపెనీలోనే పుట్టింది. కె.డి.టోచర్ అనే ఆయన రాశారు. స్టాటిస్టిక్స్ పేపర్‌ని మాత్రం పాస్ మార్కుల కోసం చదవకు, ఇక్కడ రోజూ అదే పని.

ప్రశ్న: మావారు ఒక ప్లాంట్‌లో ఆపరేటర్. కంప్యూటర్లో లైన్ అంతా గీసి చూస్తున్నారట, మనుషుల్ని తగ్గిస్తారని ఇంట్లో ఒకటే టెన్షన్.
– కూర్మన్నపాలెం

జవాబు: మీ భయం ఊరికే వచ్చింది కాదమ్మా, ఎవరికి పని ఎక్కువ, ఎవరు ఖాళీగా ఉన్నారో ఆ మోడల్లో తెలిసిపోతుంది, దాన్ని పట్టుకుని మనుషుల్ని తీసేసేవాళ్లూ ఉంటారు. అయితే మే నెల ఉక్కపోతలో మధ్యాహ్నం మూడింటికి చెయ్యి ఉదయంలా ఆడదనీ, ఒక మనిషికి ఖాళీలేకుండా పని పెడితే చిన్న తేడాకే లైన్ అంతా ఆగుతుందనీ కూడా అదే మోడల్ చూపించగలదు, ఆ సంగతులు లోపల రాస్తేనే. అందుకని మీవారిని దూరంగా ఉండొద్దనండి. టైమ్ రాసుకోవడానికి ఇంజనీర్లు వచ్చినప్పుడు మెషిన్ ఎక్కడ మొరాయిస్తుందో, పీసుని ఎత్తి పెట్టడానికి నడుం ఎన్నిసార్లు వంచాలో చెప్పమనండి. నిజానికి ఆపరేటర్‌ని అడగకుండా కట్టిన మోడల్ ఎక్కడా సరిగా పనిచేయదు. అంకెలు వచ్చాక వాటిని యూనియన్‌తో పాటు కూర్చుని చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.