చీటీ మీద ‘మత్తు’ అని రాయకు

తమ్మీ,

నల్లగొండ గడియారం సెంటర్ కాడ మీ దుకాణంల గ్రామఫోన్ రికార్డు అట్టలకు కట్టేటందుకు నువ్వు రాసిన చీటీలు ఐదూ చదివిన. నాలుగింటిల “మత్తెక్కించే”, “వేరే లోకానికి తీసుకపోయే” అన్న మాటలే ఉన్నయి. సైకెడెలిక్, అంటే మత్తులో భ్రమ కలిగినట్లుండే సంగీతం, అని పెట్టె మీద రాసే ఉన్నది. చీటీల మళ్ల అదే చెప్తే కొనేటోనికి ఏం ఒరిగింది? చెవికి ఏం వినబడ్డదో, అది ఎట్ల పుట్టిందో రాయి.

ముందు నీ చెవిని నువ్వే అనుమానించాలె. అమెరికా సంగీతకారుడు టెర్రీ రైలీ 1969 రికార్డు ‘ఎ రెయిన్‌బో ఇన్ కర్వ్‌డ్ ఎయిర్’ రెండో వైపుల “గూఢమైన టిక్కుటిక్కు” వినబడుతదని రాసినవ్. గడియారం పట్టి చూడు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంల పళ్లెం ఒక్క చుట్టు తిరగాలంటే 1.8 సెకన్లు. టిక్కు సరిగ్గ అంతే ఎడంతోటి వస్తే అది రైలీ పెట్టింది కాదు, రికార్డు మీది గీత. గొంతు ఊగినట్లు వినబడ్డా ఇదే లెక్క: ఊగుడు 1.8 సెకన్లకొకపారి వస్తే రికార్డు వంగిందో, నడిమి రంధ్రం పక్కకు జరిగిందో చూడు. మన మే ఎండలల్ల రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగకుండ ఉండవు. పుస్తకాల లెక్క నిలబెట్టు, గోడకు ఒరగనియ్యకు.

చివరి పాట గరగర అంటే బ్యాండును తిట్టకు. అంచు కాడ సూది కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు నడుస్తది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతది. అదే ధ్వని తక్కువ జాగల ఇరుక్కోవాలె, అందుకే పలుకు చెడుతది. సూదికి బరువు తక్కువ పెట్టినా చెడుతది. చాలావాటికి 1.5, 2 గ్రాముల నడుమ ఉంటది; సూదిని పట్టుకునే కాట్రిడ్జితోటి వచ్చిన కాగితంల ఎంత రాసుంటే అంత పెట్టు.

ఆ రైలీ రెండో వైపు ‘పాపీ నోగుడ్ అండ్ ది ఫాంటమ్ బ్యాండ్’ల అసలు సంగతి టిక్కు కాదు, రెండు టేపు మిషన్లు. సోప్రానో సాక్సోఫోన్ ఊదుతుంటే మొదటి మిషన్ రికార్డు చేస్తది. అదే టేపు పోయి రెండో మిషన్ల మోగుతది, ఆ మోత తిరిగి మొదటిదాంట్లకు వస్తది. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడుస్తదనుకో, నడుమ 57 సెంటీమీటర్ల టేపు ఉంటే ఊదింది 3 సెకన్లకు మళ్ల వినబడుతది. తిరిగొచ్చే మోతను తగ్గించకుంటే ఒకదాని మీదొకటి పేరుకొని బొబ్బ పెడుతది. పేరుల కనబడే బ్యాండు అదే: ఒక్కడే ఊదుతడు, గుంపు వినబడుతది. ఈ ఒక్క ముక్క రాసినా చీటీ నిండుతది.

బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ ‘టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ను “యాసిడ్ హౌస్‌కు తండ్రి” అన్నవ్. యాసిడ్ హౌస్ అంటే చికాగోల పుట్టిన ఒక తీరు డ్యాన్సు సంగీతం. 1982ల ఆయన రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలు టీబీ-303 (బేస్ మిషన్), టీఆర్-808 (డ్రమ్ము మిషన్), జూపిటర్-8 (సింథసైజర్) మీద భైరవ్, తోడి లాంటి రాగాలు వాయించిన మాట నిజం. ఆ తీరుకు మొదటిదని చెప్పుకునే, చికాగోల ఫ్యూచర్ అనే గుంపు రికార్డు ‘యాసిడ్ ట్రాక్స్’ 1987ల వచ్చిన మాటా నిజం. ఐదేండ్ల ముందు అను, తండ్రి అనకు. ముందొచ్చినోడల్లా తండ్రి కాడు. దానికంటే 303ల స్వరం స్వరంలకు జారే ఏర్పాటున్నదనీ, మన రాగాల జారుడుకు అది కుదిరిందనీ రాయి. అది విన్నోనికి పనికొచ్చే మాట.

క్యాన్ అనే జర్మనీ బ్యాండు వాళ్ల ‘టాగో మాగో’ 1971ది, రెండు రికార్డులు. కొత్తోళ్లను మూడో వైపు నుంచి మొదలుపెట్టమన్నవ్. వద్దు, ‘ఆమ్న్’ అనే ఆ 17 నిమిషాల గోలకు బెదిరి వాపస్ తెస్తరు. రెండో వైపు ‘హలెలూవా’ వినమను, 18 నిమిషాలు దాటుతది. యాకీ లీబెట్సైట్ డ్రమ్ము మీద పట్టిన దెబ్బ విడువడు, పైన మిగిలినయి మారుతుంటయి. బ్యాండుల బేస్ గిటారు వాయించే హోల్గర్ చూకై గంటల కొద్ది వాయించిన టేపును కోసి అతికిచ్చిండు. ఈ చీటీల “పీర్ల పండుగల అలాయి గుండం చుట్టూ డప్పు ఆగనట్లు” అన్నవ్ చూడు, ఐదు చీటీలల్ల నువ్వు నిజంగ విని రాసిన మాట అదొక్కటే. డప్పు మారదు, అడుగు మారుతది. కానీ అన్నిటికీ మన ఊరి పోలిక తగిలియ్యకు. పన్నెండు మెట్ల కిన్నెరను సైకెడెలిక్ అంటే కిన్నెరకూ అన్యాయమే, ఆ రికార్డుకూ అన్యాయమే.

ప్రతి రికార్డు మూడుసార్లు విను. మొదటిసారి కలం ముట్టకు. రెండోసారి నిమిషాలు రాసుకో: ఏది ఎప్పుడొచ్చింది, ఏది ఆగింది. మూడోసారి ఒక్క వాద్యం ఎంబడే పో. చీటీ అరవై మాటలు దాటనియ్యకు. పాత రికార్డు మళ్ల అచ్చేసింది, ఉదాహరణకు 2010ల, అయితే రికార్డు చేసిన ఏడూ, అచ్చయిన ఏడూ రెండూ రాయి. అట్టను నమ్మకు, లేబుల్ పక్కన నున్నటి జాగల గీకిన అంకె చూడు, ఏ అచ్చో అది చెప్తది.

రైలీ చీటీ మళ్ల రాసి పంపు. టాగో మాగోల వైపు మార్చు, డప్పు మాట ముట్టకు.