శుక్లం ఉన్న కంట్లో లెన్స్ జారితే ఆపరేషన్ చేయించుకోవచ్చా?

నాన్నగారిని శుక్లానికి చూపిస్తే "లెన్స్ పక్కకు జారింది" అన్నారని, దెబ్బేమీ తగలకుండా ఎలా జారుతుందని, అసలు ఆపరేషన్ అవుతుందా అని అడిగారు. అవుతుంది. మా పెద్దనాన్నకు ఇదే సమస్య వస్తే ఆస్పత్రి చుట్టూ తిరిగింది నేనే.

కంట్లో సహజంగా ఉండే లెన్స్ మసకబారడమే శుక్లం. ఆ లెన్స్ ఉండే సంచిని చుట్టూ సన్నటి పోగులు పట్టి ఉంచుతాయి. అవి బలహీనపడితే దెబ్బ తగలకపోయినా లెన్స్ కదులుతుంది. పెద్దనాన్న విషయంలో కారణం సూడోఎక్స్‌ఫోలియేషన్ అనే జబ్బు, పెద్ద వయసులోనే ఎక్కువ. డాక్టర్ స్క్రీన్ మీద చూపించారు: కంటిపాప అంచు వెంట చుండ్రు పొట్టులాంటి తెల్లటి పదార్థం. చూపు అటూ ఇటూ తిప్పమంటే లెన్స్ సన్నగా వణుకుతోంది! రెండో కన్ను మూసినా ఆయనకు దీపం రెండుగా ఎందుకు కనిపిస్తోందో అప్పుడు అర్థమైంది. పాత దెబ్బలు, మైనస్ పవర్ బాగా ఎక్కువ ఉండడం, శుక్లం మరీ ముదిరిపోవడం కూడా కారణాలే. "ముదిరాక తీయిద్దాంలే" అనే పెద్దల మాట నాకందుకే నచ్చదు.

ఆపరేషన్ ఎలా చేస్తారన్నది ఎంత జారిందో దాన్నిబట్టి ఉంటుంది. కొద్దిగా అయితే శుక్లం తీసేటప్పుడే సంచికి ఆసరాగా లోపల ఒక రింగు పెడతారు. పెద్దనాన్నకు అలాగే చేశారు. పోగులు చాలావరకు తెగిపోతే లెన్స్‌ను సంచితో సహా తీసేసి, కృత్రిమ లెన్స్‌ను కంటి తెల్లగుడ్డు గోడకో, ఐరిస్‌కో (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) అమరుస్తారు. పూర్తిగా వెనక్కి పడిపోతే మాత్రం విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తొలగించే ఆపరేషన్) చేసి తీయాలి, అది రెటీనా, అంటే కంటి వెనక పొర, చూసే సర్జన్ పని. కాబట్టి "మధ్యలో లెన్స్ వెనక్కి జారితే ఇక్కడే చూసుకుంటారా?" అని ముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే, రెటీనా విభాగం ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. ఇందులో మొహమాటం అనవసరం.

కంటి ప్రెషర్ కూడా చూపించండి. సూడోఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవాళ్లకు గ్లాకోమా (సాధారణంగా కంటి ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) వచ్చే అవకాశం ఎక్కువ. పెద్దనాన్న ప్రెషర్ తగ్గించే చుక్కలు ఇప్పటికీ వేసుకుంటున్నారు. రెండో కంటిని కూడా అదే రోజు పరీక్ష చేయించండి.

ఈలోగా కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే లెన్స్ ముందుకు జారి ప్రెషర్ పెరిగి ఉండొచ్చు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఆపరేషన్ బాగా జరిగినా, పోగులు బలహీనంగా ఉన్న కంట్లో కొన్నేళ్ల తర్వాత కృత్రిమ లెన్స్ కూడా సంచితో పాటు జారవచ్చు, చెకప్‌లు మానకండి.