తెలిసిన మాటల దగ్గరే జాగ్రత్త: అమెరికా ప్రభుత్వ పాఠం చదవబోయే చిన్నికి

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

పన్నెండో తరగతిలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్థాయిలో, అంటే ఉన్నత పాఠశాలలోనే చెప్పే కాలేజీ స్థాయిలో, అమెరికా ప్రభుత్వం, రాజకీయాలు అనే పాఠం తీసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. హైదరాబాదు నుంచి టెక్సాస్ వచ్చి ఏడాదైనా తిరగకముందే ఇంత బరువైన పాఠం నీవల్ల అవుతుందా అని తను బెంగపడుతోంది. అవుతుంది. విజయవాడలో ఆరేళ్లు పౌరశాస్త్రం చెప్పి, ఇక్కడికి వచ్చాక ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పందొమ్మిదేళ్లు ఇదే పాఠం చెప్పినదానిగా ఈ మాట అంటున్నాను. అయితే మన దేశంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఎక్కడ తడబడతారో నేను ఏటా చూశాను. వాళ్లు తడబడేది కొత్త మాటల దగ్గర కాదు. ఫిలిబస్టర్ (సెనేట్‌లో చర్చను సాగదీసి బిల్లును అడ్డుకోవడం) అన్న మాట ఎదురైతే అది తెలియదని వాళ్లకే తెలుస్తుంది కాబట్టి వెతికి నేర్చుకుంటారు. స్పీకర్, సెక్రటరీ, విప్ అన్న మాటలు కనిపించినప్పుడు మాత్రం ఇవి మనకు తెలిసినవే కదా అని ముందుకు వెళ్లిపోతారు. తప్పులన్నీ అక్కడ మొదలవుతాయి.

లోక్‌సభ స్పీకర్ ఎన్నికైన తరువాత పార్టీలకు అతీతంగా సభ నడపాలని మనం ఆశిస్తాం. ఇక్కడి ప్రతినిధుల సభ స్పీకర్ అధిక సంఖ్యాక పార్టీకి నాయకుడు. ఏ బిల్లు చర్చకు రావాలి, ఏది రాకూడదు అన్నదానిలో అతని పార్టీ ప్రయోజనం దాపరికం లేకుండానే పనిచేస్తుంది. మనకు సెక్రటరీ అంటే ఐఏఎస్ అధికారి. ఇక్కడ సెక్రటరీ అంటే అధ్యక్షుడు నియమించగా సెనేట్ ఆమోదించిన వ్యక్తి, మన మంత్రితో సమానమైన వాడు, కానీ కాంగ్రెస్ సభ్యత్వం వదులుకోకుండా ఆ పదవిలో ఉండడానికి వీలులేదు. ఇక విప్ సంగతి మరీ ముఖ్యం. 1985లో మన రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను ధిక్కరించి ఓటేసిన సభ్యుడు పదవి పోగొట్టుకోవచ్చు. ఇక్కడ విప్ బతిమాలగలడు, లెక్కలు వేసుకోగలడు, అంతకుమించి చేయలేడు. 2017 జులైలో ఆరోగ్య బీమా చట్టంలో ముఖ్య భాగాలను రద్దు చేసే బిల్లు సెనేట్‌లో ఓటింగుకు వచ్చినప్పుడు, జాన్ మెకెయిన్ అర్ధరాత్రి దాటాక సభ ముందుకు నడిచివచ్చి, బొటనవేలు కిందికి తిప్పి, తన సొంత రిపబ్లికన్ పార్టీ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడు. బిల్లు 49–51తో వీగిపోయింది. అతని పదవి పోలేదు, ప్రభుత్వమూ పడిపోలేదు. ఈ ఒక్క ఘట్టం పూర్తిగా అర్థమైతే పార్లమెంటరీ విధానానికీ అధ్యక్ష విధానానికీ మధ్య ఉన్న తేడాలో సగం పట్టుబడినట్లే.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఇక్కడ పాఠం చెప్పిన మొదటి ఏడాదిలో, బడ్జెట్‌ను సభ తిరస్కరిస్తే ప్రభుత్వం రాజీనామా చేయాలన్న మన పద్ధతి మనసులో ఉండిపోయి, అదే ధోరణిలో ఏదో అనేశాను. ముందు బెంచీలో ఉన్న పిల్లవాడు, "రాజీనామా ఎందుకు చేస్తారు, ఆఫీసులు మూతపడతాయి కదా" అని అడిగాడు. నిజమే. ఖర్చుల బిల్లు మీద ఒప్పందం కుదరకపోతే ఇక్కడ కార్యాలయాలు మూతపడతాయి, ఉద్యోగుల జీతాలు ఆగిపోతాయి, అధ్యక్షుడు, కాంగ్రెస్ మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. 2018 డిసెంబరులో మొదలైన మూత 35 రోజులు నడిచింది. ఆ పిల్లవాడు అలా అడిగిన రోజు సాయంత్రమే నేను ఒక నోటుపుస్తకం కొని, ప్రతి పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆ మాటకు మన దేశంలో ఉన్న అర్థం, కుడివైపు ఇక్కడి అర్థం రాయడం మొదలుపెట్టాను. నువ్వూ అలాగే చెయ్యి. గీతకు అటూ ఇటూ రాసిన తరువాత, తేడా ఎందుకు వచ్చిందో అడుగున ఒక వాక్యం రాయడం మరవకు, ఎందుకంటే పరీక్ష అడిగేది ఆ వాక్యమే.

ఉదాహరణకు రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానాలు, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. అక్కడ జనాభా లెక్క. ఇక్కడ 2020 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 3 కోట్ల 95 లక్షల మంది ఉన్న కాలిఫోర్నియాకూ, 6 లక్షల మందైనా లేని వయోమింగ్‌కూ సెనేట్‌లో చెరి రెండే స్థానాలు. 1787లో ఫిలడెల్ఫియాలో చిన్న రాష్ట్రాలు పెద్ద రాష్ట్రాల కింద నలిగిపోతామని భయపడి పట్టుబట్టడం వల్ల కుదిరిన రాజీ అది. తన సమ్మతి లేకుండా ఏ రాష్ట్రానికీ సెనేట్‌లో సమాన ప్రాతినిధ్యం తగ్గించకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అధ్యక్ష ఎన్నికలో 538 ఎలక్టోరల్ ఓట్లు ఎందుకున్నాయో, వయోమింగ్‌కు 3, మీ టెక్సాస్‌కు 40 ఎలా వచ్చాయో ఆ రాజీ నుంచే లెక్కకట్టవచ్చు. ఒక్కో రాష్ట్రానికి ప్రతినిధుల సభ స్థానాలకు రెండు సెనేట్ స్థానాలు కలిపితే చాలు, వాటికి రాజధాని వాషింగ్టన్ డీసీకి ఉన్న 3 ఓట్లు చేరితే మొత్తం 538. పట్టికో పటమో ఇచ్చి అడిగే ప్రశ్నలో అంకెలు చదవడం ఎవరికైనా వస్తుంది. ఆ అంకె వెనక ఉన్న బేరాన్ని చెప్పగలిగినవాళ్లకే పూర్తి మార్కులు వస్తాయి.

తెలిసిన మాటల్లో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చిక్కు తెచ్చేది ఒకటుంది. ఫ్యాక్షన్ అనగానే మనకు రాయలసీమ పగలు, నాటుబాంబులు గుర్తొస్తాయి. కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో పదోదానిలో, రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ వాడిన ఫ్యాక్షన్ అది కాదు. ఒకే ఆసక్తితోనో ఆవేశంతోనో కూడి, ఇతరుల హక్కులకు గానీ సమాజం మొత్తం మేలుకు గానీ అడ్డుపడే ఏ సమూహమైనా ఆయన దృష్టిలో ఫ్యాక్షనే. అందులో చేతికర్ర ఉండనక్కరలేదు, అది సంఖ్యలో ఎక్కువైనా కావచ్చు, తక్కువైనా కావచ్చు. నిజానికి ఆయన ఎక్కువగా భయపడింది సంఖ్యలో ఎక్కువైన దాని గురించే. అలాగే ఫెడరల్ స్ఫూర్తి అని మన ముఖ్యమంత్రులు అన్నప్పుడు రాష్ట్రాల హక్కులు కాపాడమని అర్థం. 1787లో ఫెడరలిస్టులని పేరుపడ్డవాళ్లు అందుకు ఎదురుగా, బలమైన కేంద్రం కావాలని వాదించినవాళ్లు. ఈ రెండు మాటలు సరిదిద్దుకోకుండా ఆ వ్యాసాలు చదివితే మొత్తం తలకిందులుగా అర్థమవుతాయి.

తప్పనిసరిగా చదవవలసిన మూల పత్రాలు తొమ్మిది. వాటికి సారాంశాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, వాటితో సరిపెట్టుకోకు. నా సలహా ఏమిటంటే మాడిసన్ కంటే ముందు, బలమైన కేంద్రాన్ని వ్యతిరేకిస్తూ 1787 అక్టోబరులో న్యూయార్క్ పత్రికలో బ్రూటస్ అన్న మారుపేరుతో వెలువడిన మొదటి లేఖ చదువు. ఇంత విశాలమైన దేశంలో ప్రజల చేతిలో పాలన నిలవదని, అవసరమైన, తగిన చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఇస్తే రాష్ట్రాలు మిగలవని ఆ రచయిత హెచ్చరించాడు. దేశం విశాలమైతేనే ఏ ఒక్క వర్గమూ మిగిలినవాళ్లను అణచలేదని మరుసటి నెలలో మాడిసన్ వాదించాడు. భయాన్ని ముందు వింటేనే జవాబు బరువు తెలుస్తుంది. ఆ తరువాత 1819 నాటి మెక్‌కలక్ కేసు చదివితే, జాతీయ బ్యాంకు పెట్టే అధికారం రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేకపోయినా, ఆ అవసరమైన, తగిన చట్టాల నిబంధన ఆధారంగానే ప్రధాన న్యాయమూర్తి మార్షల్ దాన్ని సమర్థించడం కనిపిస్తుంది. బ్రూటస్ వేలు పెట్టి చూపించిన చోటనే కేంద్రం పెరిగింది. ఈ దారాన్ని పట్టుకున్న విద్యార్థికి మొదటి అధ్యాయం మొత్తం ఒక్క కథలా గుర్తుంటుంది.

తప్పనిసరిగా చదవవలసిన సుప్రీంకోర్టు కేసుల విషయానికి వస్తే, పాత గైడుల్లో 15 ఉంటాయి. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును 2022లో సుప్రీంకోర్టే తోసిపుచ్చాక దాన్ని జాబితా నుంచి తీసేశారు కాబట్టి ఇప్పుడు 14 చాలు. ఒక్కో కేసుకు ఒక్క పేజీ కేటాయించి, ఏం జరిగింది, ఏ నిబంధన మీద తగువు, కోర్టు ఏమన్నది, ఎందుకన్నది అని చేత్తో రాసుకో. వీటిలో నిబంధన పేరునే పిల్లలు నిర్లక్ష్యం చేస్తారు, పరీక్షలో పోల్చమన్నప్పుడు ముందుగా అడిగేది దాన్నే.

మీ రాష్ట్రంలోనే మొదలైన లోపెజ్ కేసుతో ఆరంభించు. 1992లో శాన్ ఆంటోనియోలో నీలాగే పన్నెండో తరగతి చదువుతున్న కుర్రవాడు బడికి తుపాకీ తెచ్చాడు. బడుల దగ్గర తుపాకులను నిషేధించిన జాతీయ చట్టం కింద అతనికి శిక్ష పడింది. ఆ చట్టం మంచిదా కాదా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న కాదు, రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారంతో కాంగ్రెస్ అలాంటి చట్టం చేయగలదా అన్నది ప్రశ్న. చేయలేదని 1995లో 5–4తో తీర్పు వచ్చింది. మెక్‌కలక్‌తో విస్తరించిన కేంద్రానికి ఇక్కడ హద్దు గీశారు. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

హక్కుల అధ్యాయంలో మనవాళ్లందరూ ఆగిపోయే మెట్టు ఒకటుంది. మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు మొదటి రోజు నుంచే కేంద్రాన్నీ రాష్ట్రాలనూ కట్టడి చేశాయి. ఇక్కడ 1791లో చేర్చిన మొదటి పది సవరణలు కేంద్రానికి మాత్రమే వర్తించేవి. 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ ద్వారా కోర్టులు ఒక్కొక్క హక్కునూ ఒక్కొక్క కేసులో రాష్ట్రాలకు వర్తింపజేస్తూ వచ్చాయి. లాయరును పెట్టుకోలేని క్లారెన్స్ గిడియన్ ఫ్లోరిడా జైలు నుంచి, జైలు కాగితం మీద పెన్సిలుతో రాసిన అర్జీ ఆధారంగా 1963లో ఆరో సవరణ హక్కు అలా రాష్ట్రాలకు చేరింది. ఆయుధాల హక్కు 2010లో గానీ చేరలేదు. దీన్ని సెలెక్టివ్ ఇన్‌కార్పొరేషన్ అంటారు. మా తరగతిలో దీనికి రెండు పూర్తి రోజులు పెట్టేదాన్ని, నువ్వూ తొందరపడకు.

పోల్చి రాసే అభ్యాసానికి నీకు ఇంకెవరూ ఇవ్వని జంట ఒకటి ఇస్తాను. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రం డెమాయిన్‌లో వియత్నాం యుద్ధానికి నిరసనగా కొందరు పిల్లలు నల్లని పట్టీలు చేతికి కట్టుకుని బడికి వెళ్లారు. వాళ్లలో మేరీ బెత్ టింకర్ వయసు 13. బడి వాళ్లను సస్పెండ్ చేసింది. చదువుకు చెప్పుకోదగిన అంతరాయం కలగనంతవరకు బడిలోనూ వాక్ స్వాతంత్ర్యం ఉంటుందని 1969లో 7–2తో తీర్పు వచ్చింది. ఇప్పుడు మన కేరళ చూడు. జాతీయ గీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడి, తమ మతవిశ్వాసం కారణంగా గొంతు కలపని ముగ్గురు పిల్లలను 1985లో బడి నుంచి తీసేశారు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో ఆ పిల్లల పక్షాన తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు, అందులో ఆయన అమెరికా కోర్టుల జెండా వందనం కేసులనూ చర్చించారు. రెండింటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి, వేరుగా ఉన్నదేమిటి, అక్కడ మతస్వేచ్ఛ కూడా తోడవడం వల్ల తర్కం ఎలా మారింది అని ఒక పేజీ రాయి. పరీక్షలో మన కేసు రాదు. కానీ చదివిన కేసు ఒకటి, అప్పుడే చూపించిన కొత్త కేసు ఒకటి పక్కపక్కన పెట్టి ఇలాగే అడుగుతారు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి టింకర్ కేసు న్యాయమూర్తుల పేర్లతో సహా వచ్చు. తెలిసిందంతా రెండు పేజీలు రాశాడు, కొత్త కేసుతో మాత్రం ఒక్క వాక్యంలోనూ కలపలేదు. ఇంటికి వెళ్లాక తనకే అర్థమై చాలా బాధపడ్డాడు.

పరీక్ష మే నెలలో జరుగుతుంది, 2025 నుంచి కంప్యూటరు మీదే రాస్తున్నారు. 80 నిమిషాల్లో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 100 నిమిషాల్లో నాలుగు రాత ప్రశ్నలు, రెండు భాగాలకూ సగం సగం విలువ. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య సంబంధాల గురించిన రెండో అధ్యాయానికి అన్నిటికంటే ఎక్కువ వాటా ఉంటుంది కనుక సమయం కూడా దానికే ఎక్కువ ఇవ్వు. టెక్సాస్‌లో చాలా బడుల్లో ఈ పాఠం సగం సంవత్సరంలోనే ముగుస్తుంది. నీది డిసెంబరులో ముగిస్తే జనవరి నుంచి మే వరకు వారానికి ఒక రాత ప్రశ్నైనా గడియారం పెట్టుకుని రాయకపోతే చేతి నుంచి జారిపోతుంది.

వ్యాసానికి 40 నిమిషాలు సూచిస్తారు. అందులో నీ పక్షం ఏమిటో మొదటి వాక్యాల్లోనే తేల్చి, ఇచ్చిన పత్రాల్లో కనీసం ఒకదాని నుంచి ఆధారం చూపి, ఎదుటి వాదాన్ని కూడా పేర్కొని దానికి జవాబివ్వాలి. ఈ చివరి పని మన పిల్లలకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మన ఇళ్లలో రాజకీయాలంటే ఒకే పక్షం గట్టిగా వినిపిస్తుంది. శనివారాలు భోజనాలకు వచ్చే బంధువులు ఎలక్టోరల్ కాలేజీ గురించో తుపాకుల గురించో వాదించుకుంటున్నప్పుడు, నీకు నచ్చని వైపువాళ్ల మాటల్లో అన్నిటికంటే బలమైన మాట ఏదో మనసులో గుర్తుపెట్టుకుని రాత్రికి నోటుపుస్తకంలో రాసుకో. దాన్ని బలహీనపరిచి రాయకు.

ఇంకొక పని, ఇది నేను అందరికీ చెప్పలేను, నీకు చెప్పగలను. చదివిన ప్రతి భావాన్నీ మీ అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు తెలుగులో చెప్పు. న్యాయ సమీక్ష అంటే ఏమిటో, వీటోను కాంగ్రెస్ ఎలా దాటుతుందో, సెనేట్‌లో చర్చ ఆపడానికి 60 ఓట్లు ఎందుకు కావాలో ఒక్క ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పకుండా చెప్పగలిగితే అది నీకు అర్థమైనట్లు. చెప్పలేక మధ్యలో ఆగిన చోటే మళ్లీ పుస్తకం తెరువు. మీ అమ్మ ప్రశ్నలు అడుగుతుంది, విసుక్కోకు. ఆమెకు తెలిసినదంతా మన పార్లమెంటే కాబట్టి, ఆమె అడిగే ప్రతి ప్రశ్నా నువ్వు పొరబడగల చోటును ముందుగానే చూపిస్తుంది.

ఆదివారం ఉదయం మీ టైము ప్రకారం తొమ్మిదింటికి ఫోను చేస్తాను. అప్పటికి బ్రూటస్ మొదటి లేఖ, ఫెడరలిస్ట్ పదో వ్యాసం పైకి బిగ్గరగా చదివి, ఇద్దరిలో ఎవరి భయం నీకు ఎక్కువ న్యాయంగా తోచిందో అర పేజీ రాసి దగ్గర పెట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ