ఫోమ్ హరికేన్‌కు నిజం విమానం కళ ఎలా తేవాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. 1.2 మీటర్ల రెక్కలున్న ఫోమ్ హరికేన్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం) ఆర్‌సీ మోడల్, అంటే రిమోట్‌తో ఎగరేసేది, కొన్నాను. ఎగరడం బాగానే ఎగురుతోంది కానీ చేతిలోకి తీసుకుంటే తిరునాళ్ల బొమ్మలా ఉంది. రివెట్లు (రేకులు బిగించే మేకుల తలలు), ప్యానెల్ లైన్లు (రేకులు కలిసేచోట కనిపించే గీతలు), కాక్‌పిట్, మసి మరకలు అన్నీ పెట్టాలని ఉంది. బరువు పెరిగితే ఎగురుతుందో లేదో అని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రివెట్లను ముందు పక్కన పెట్టండి. అందరూ అక్కడే మొదలుపెట్టి నెల రోజులు దాంతోనే సరిపెడతారు, తీరా పదడుగుల దూరం నుంచి చూస్తే ఒక్కటీ కనబడదు. నేను తిరుపతిలో ఉంటూ ఇలాంటి ఫోమ్ యుద్ధవిమానాలకు మెరుగులు దిద్దుతుంటాను. నా లెక్కలో మొదటి పని గుర్తులు, రెండోది రంగు, మూడోది కాక్‌పిట్, ఆ తర్వాత దుమ్మూ మసీ. రివెట్లు చిట్టచివర, అదీ ఓపిక మిగిలితే.

గుర్తుల సంగతి ఎందుకంటే, డబ్బాలో వచ్చే స్టిక్కర్లు దాదాపు ఎప్పుడూ ఇంగ్లండ్ మీద ఎగిరిన విమానానివే. నడుమ ఎర్ర చుక్క ఉన్న రౌండెల్, అంటే వైమానిక దళం గుండ్రటి గుర్తు, ఉంటుంది. మన స్క్వాడ్రన్లు బర్మా వైపు ఎగరేసిన హరికేన్లకు 1943 తర్వాత ఆ ఎరుపు లేదు. జపాన్ విమానాల మీద ఎర్ర సూర్యుడు ఉండేవాడు కదా, తొందరలో మనవాళ్లే మనవాళ్లను కాల్చుకోకుండా ఎరుపు మొత్తం తీసేసి ముదురు నీలం, నడుమ లేత నీలం ఉంచారు. తోక మీది పట్టీకి కూడా అంతే. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలో పోరాడిన ఒకటో స్క్వాడ్రన్ హరికేన్ల మీదే ఎగిరింది. ఆయనకు డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) శౌర్య పతకం వచ్చింది ఆ పోరాటానికే. ఆ కాలపు ఫోటో ఒకటి సంపాదించి, ఆ ఒక్క విమానాన్నే నకలు తీయండి. నాలుగు ఫోటోల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి అతికిస్తే, తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు.

రౌండెల్స్‌ను స్టిక్కర్‌గా అంటించకండి. మందంగా, మెరుస్తూ, అంచులు లేచి కనబడతాయి. రంగుతోనే వేయాలి, దానికి మాస్క్ కావాలి, అంటే రంగు పడకూడని చోటును కప్పే కోసిన స్టిక్కర్. తిరుపతిలో కార్ల వెనక అద్దాలకు నామాలు, గోవింద అక్షరాలు కోసిచ్చే స్టిక్కర్ షాపులు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. కొలత రాసిస్తే అదే మెషీన్ మీద గుండ్రాలు కోసిస్తారు. చిత్తూరులోనూ దొరుకుతారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆ వినైల్ జిగురు ఫోమ్ మీద వేసిన రంగును పొరలా లాగేస్తుంది. అంటించే ముందు ప్యాంటు మీద రెండు మూడు సార్లు అద్ది తీస్తే జిగురు పలచబడుతుంది. రంగు పూర్తిగా ఆరకముందే, ఇంకాస్త పచ్చిగా ఉండగానే మాస్క్‌ను వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే అంచు శుభ్రంగా వస్తుంది.

రంగులు నీటితో కలిపే యాక్రిలిక్‌వే వాడండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రే డబ్బాల్లోని ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుంది. మీ మోడల్ ఫోమ్ దానికంటే గట్టిదే అయినా, లోపలివైపు ఎక్కడైనా కనబడనిచోట ఒక చుక్క వేసి చూశాకే ముందుకెళ్లండి. పైభాగానికి ముదురు ఆకుపచ్చ, మట్టి గోధుమ. అసలు రంగు నమూనా దొరికినా దాన్ని అలాగే వేయకుండా కొంచెం తెలుపో లేత బూడిదో కలిపి వెలిసినట్టు చేయండి. చిన్న మోడల్ మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపించి బొమ్మ లక్షణం తెచ్చిపెడుతుంది. నలుపు అయితే అసలు వాడొద్దు, టైర్లకు కూడా ముదురు బూడిదే. మన ఎండలకు ఇంకో లాభం కూడా ఉంది: ముదురు రంగు ఫోమ్‌ను ఎక్కువ వేడెక్కిస్తుంది. మే నెలలో మూసిన కారులో ఇలాంటి విమానాన్ని వదిలేస్తే రెక్క మీద బొబ్బలు లేస్తాయి.

ఇక ప్యానెల్ లైన్లు. హరికేన్ రెక్కల వెడల్పు 12.19 మీటర్లు, మీది 1.2. అంటే దాదాపు పదో వంతు, లెక్క సులువు. అసలు విమానంలో రెండు రేకుల మధ్య సందు రెండు మిల్లీమీటర్లు అనుకుంటే మీ దాంట్లో అది 0.2 ఉండాలి. కొందరు కట్టర్‌తో మిల్లీమీటరు లోతు, మిల్లీమీటరు వెడల్పు గాడి కోస్తారు. అంటే నిజం విమానంలో సెంటీమీటరు సందు ఉన్నట్టు, వేలు దూరుతుంది! కోయొద్దు. సన్నగా చెక్కిన హెచ్‌బీ పెన్సిల్‌తో స్కేలు పెట్టి గీసి, పైన మ్యాట్ వార్నిష్ పలచగా కొడితే చాలు.

అయితే ఎక్కడ గీయాలో తెలియాలి. హరికేన్‌లో రేకు ఉన్నది ముందుభాగానికీ రెక్కలకూ. కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా చెక్క బద్దల మీద బిగించిన గుడ్డ. తోక రెక్కలు, నిటారు తోక, దాని వెనక కదిలే రడ్డర్, రెక్కల వెనక అంచున కదిలే ఐలెరాన్లు కూడా గుడ్డే. ఢిల్లీ పాలంలోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఒక హరికేన్ ఉంది, వెళ్లినప్పుడు పక్క నుంచి చూడండి: వెనకభాగం పొడవునా ఆ బద్దలు గుడ్డ కింద గీరల్లా లేచి కనిపిస్తాయి. అక్కడ రివెట్ పెడితే గుడ్డకు మేకు కొట్టినట్టే. దీంతో మీ రివెట్ల పని సగం తగ్గిపోయింది. ఆ గీరలు అచ్చులోనే వచ్చి ఉంటే సరే, లేకపోతే మాస్కింగ్ టేపును సన్నటి పట్టీలుగా కోసి పొడవునా అంటించి, పలచటి ఫిల్లర్ రాసి సాండ్‌పేపర్‌తో అంచులు పోయేలా రుద్దండి. ఇంత చెప్పినా రివెట్లు కావాల్సిందే అంటే, టైలరింగ్ సామాన్ల షాపులో పళ్ల చక్రం ఉన్న ట్రేసింగ్ వీల్ అడగండి. రెక్క మొదట్లో, స్కేలు ఆనించి మెత్తగా ఒకసారి దొర్లిస్తే వరసగా చుక్కలు పడతాయి. అంతకు మించి వద్దు.

కాక్‌పిట్ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా దండగ కాదు, చూసేవాళ్ల కళ్లు నేరుగా అక్కడికే పోతాయి. లోపల లేత బూడిద కలిసిన ఆకుపచ్చ. మీటర్ల పలకను మ్యాట్ పేపర్ మీద ప్రింట్ తీసి, ఒక్కో డయల్ మీద ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు ఒక్క బొట్టు అగ్గిపుల్ల కొసతో పెట్టండి. ఆరాక అచ్చం అద్దం బిగించినట్టే మెరుస్తుంది. పైలట్‌ను థర్మోకోల్‌తో నడుము పైదాకానే చెక్కండి, కాళ్లు ఎవరికీ కనబడవు. తల కొంచెం ఎడమకు తిప్పి ఉంచండి. నేరుగా ముందుకు చూస్తూ కూర్చున్న పైలట్ ఎప్పుడూ షోకేసు బొమ్మే. కానోపీ, అంటే కాక్‌పిట్ మీది పారదర్శక మూత, అంటించడానికీ ఆ తెల్ల జిగురే. సూపర్ గ్లూ ఆవిరికి ప్లాస్టిక్ తెల్లగా పొగబారిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా పోదు.

బరువు గురించి మీ టెన్షన్‌లో న్యాయం ఉంది, కానీ మొత్తం బరువు కంటే అది ఎక్కడ పడుతోందన్నదే ముఖ్యం. హరికేన్ ముక్కు పొట్టి, తోక పొడవు. తోక దగ్గర పది గ్రాముల రంగు ఎక్కితే దాన్ని సరిదిద్దడానికి ముక్కులో ఇరవై, ముప్ఫై గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. అందుకే వెనక భాగంలో ఒక్క పొర, అదీ పలచగా. వంటింటి డిజిటల్ కాటా మీద ప్రతి పనికీ ముందూ వెనకా తూచి గోడ మీద రాసుకోండి. అంతా అయ్యాక గరిమనాభి (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) మాన్యువల్ చెప్పినచోటే ఉందో లేదో చూడకుండా చేయి వదలకండి. బ్యాటరీని కాస్త ముందుకు జరపడంతో సరిపోతే అదృష్టమే.

దుమ్ము, మసి అన్నిటికంటే సరదా పని. రంగు చాక్‌పీసులను పొడి చేసి, పొగగొట్టాల నుంచి రెక్క మొదలు మీదుగా గాలి పారే దిక్కుకు మెత్తటి బ్రష్‌తో లాగండి. పొగగొట్టాలే బొమ్మలా ఉంటే స్ట్రాలు కోసి, కొస కొంచెం నొక్కి, తుప్పు రంగు వేసి పెట్టొచ్చు. దుమ్ముకు మన దగ్గర కొనే పనే లేదు: మీరు ఎగరేసే చేనులోని ఎర్రమట్టిని పలచటి గుడ్డలో జల్లెడ పట్టి చక్రాల మీద, కడుపు కింద అద్ది వార్నిష్ కొట్టండి. ఎలాగూ ల్యాండింగుల్లో అదే అంటుకుంటుంది, రంగు కలిసిపోతుంది. పైలట్ ఎక్కేది ఎడమవైపు నుంచి కాబట్టి ఆ రెక్క మొదట్లో వెండి రంగు పెన్సిల్‌తో నాలుగైదు గీకుళ్లు. వెనక గుడ్డ మీద మాత్రం వెండి గీతలు వద్దు, గుడ్డ కింద రేకు ఎక్కడిది?

ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో, అంటే డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్‌లో, మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. తిరుపతి వైపు వస్తే రేణిగుంట విమానాశ్రయం, తిరుమల కొండ రెండింటికీ దూరంగా ఉండాల్సిందే.

తుపాకుల గురించి మీరు రాయలేదు. రెక్క ముందు అంచులో నాలుగు పొడవాటి గొట్టాలు బయటికి వచ్చి ఉంటే మీది 20 మిల్లీమీటర్ల ఫిరంగుల టూసీ (హరికేన్ IIC) రకం. గట్టి ప్లాస్టిక్ గొట్టాలు చేను గట్టుకు తగిలిన మొదటిసారే రెక్క ఫోమ్‌తో సహా ఊడొస్తాయి. వాటి బదులు పాత సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు పెట్టండి, తగిలినా వంగి మళ్లీ లేస్తాయి. గొట్టాలు లేకపోతే టూబీ (IIB) అయి ఉండొచ్చు, అందులో పన్నెండు మెషీన్‌గన్లు రెక్క లోపలే ఉంటాయి, చిన్న రంధ్రాలు దిద్దితే సరిపోతుంది. ఏ రకమో ఒక ఫోటో పెట్టండి, మాస్కుల కొలతలు కూడా చెబుతాను.