పండగదాకా ఆగకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఫిల్మ్ కెమెరా కొనాలనుకుంటున్నా, యాషికా మ్యాట్ కొననా, పెంటాక్స్ కే1000 కొననా అని అడిగావు. మొదటి కెమెరాగా కే1000 తీసుకో తల్లీ. 1976లో వచ్చి, ఇరవై ఏళ్ల పైన తయారైంది. దాని బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రమే. బ్యాటరీ చచ్చినా షట్టర్ పనిచేస్తుంది. యాషికా మ్యాట్ 124జీ నాకు ప్రాణం. తల వంచి గాజు తెరలోకి చూస్తే కుడి ఎడమలు తారుమారై కనిపించే ఆ బొమ్మ కోసం ఇప్పటికీ మనసు లాగుతుంది. కానీ దాని మీటర్‌కి వేసే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు, రీలుకి పన్నెండే ఫోటోలు. అది రెండో కెమెరాగా కొందువుగాని.

డబ్బు ఇచ్చేముందు కెమెరాని చేత్తో పట్టుకుని చూడు. వెనక తలుపు తీసి, షట్టర్‌ని బీ మీద (నొక్కినంతసేపూ తెరిచే ఉంచే గుర్తు అది) పెట్టి నొక్కి పట్టుకుని, లెన్స్‌లోంచి వెలుతురు వైపు చూడు. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. మన కోస్తా తేమకి లెన్సులు త్వరగా దాని పాలబడతాయి. తర్వాత షట్టర్‌ని ఒక సెకను మీద పెట్టి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విను. సెకను దాటి ఈడ్చుకుంటూ పోతే సర్వీసింగ్ చేయించాల్సిందే. తలుపు అంచున ఉండే నల్ల ఫోమ్ జిగురుగా మారితే భయపడకు, మార్పించుకోవచ్చు.

రీలు కొనేముందు దాన్ని కడిగేవాళ్లు ఎవరో కనుక్కో. 1935లో పుట్టిన కోడాక్రోమ్ అనే రంగుల రీలుని కోడాక్ 2009లో ఆపేసింది. దాన్ని కడిగే చివరి ల్యాబ్, అమెరికాలో కాన్సస్‌లో ఉండేది, 2010 ఆఖరుతో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇప్పుడు ఎవరి దగ్గరైనా వాడని కోడాక్రోమ్ ఉన్నా, ఆ రంగులు రప్పించే దారి లేదు. అందుకే నువ్వు బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టు. డీ-76 అనే డెవలపర్ మందు కలుపుకుని ఇంట్లోనే కడుక్కోవచ్చు. మందు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి, మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు అంత చల్లగా ఎక్కడ వస్తాయి? మందు సీసాని ఐసు ముక్కలు వేసిన బకెట్‌లో నిలబెట్టు. థర్మామీటర్ చూడకుండా మాత్రం పోయకు.

ఇంకొకటి చెప్పాలి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన ఇందు రీలు నా దగ్గర ఒకటి మిగిలింది. ఇక దొరకదని తెలిసి బీరువాలో దాచాను. మీ అమ్మమ్మ సాయంత్రం అరుగు మీద మల్లెలు కడుతుంటే ప్రతిసారీ అనుకునేవాణ్ణి, ఆ రీలు ఎక్కించి తియ్యాలని. పండక్కి తీద్దాంలే అని వాయిదా వేసేవాణ్ణి. చివరికి ఆవిడ ఆఖరి సంక్రాంతికి ఎక్కించాను. అన్నేళ్లు బీరువా వేడిలో మగ్గిన రీలు, కడిగితే అంతా బూడిద రంగు. తెల్ల చీర అంచు మాత్రం లీలగా కనిపిస్తుంది. అంతకన్నా మంచి ఫోటో ఆవిడది నా దగ్గర లేదు.

నా ఫ్రిజ్‌లో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ రీళ్లు రెండున్నాయి, కొరియర్‌లో పంపుతున్నాను. బయటికి తీశాక రెండు మూడు గంటలు ఆగి, చల్లదనం పోయాకే డబ్బా విప్పు, లేకపోతే చెమ్మ పడుతుంది. మొదటి ఫోటో మీ అమ్మది తియ్యి. పొద్దున్నే పెరట్లో వెలుతురు మెత్తగా ఉన్నప్పుడు, తను కాఫీ తాగుతుండగా.

మామయ్య