మోచేతి పట్టీలో సర్వో ఆగిపోతోంది – సమాధానం

తమ్ముడూ, కొబ్బరి దింపులో మోచెయ్యి దెబ్బతిన్న మీ నాన్నగారికి చెయ్యి లేపడానికి చేసిన పట్టీలో సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) గుయ్యిమంటోందే గానీ చెయ్యి లేవట్లేదన్నావు. లేవదు మరి. ముంజేయి, అరచెయ్యి కలిపి సుమారు 1.5 కిలోలు, ఆ బరువు మోచేతికి 17 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. అడ్డంగా నిలపడానికే 25 కిలో-సెంటీమీటర్ల తిప్పుడు బలం (బరువు × దూరం) కావాలి. నీ సర్వోది 10.

కారు వైపర్ మోటారు నడుము బెల్టుకు కట్టు, సైకిల్ బ్రేకు తీగతో ముంజేతిని లాగించు. మోటారు తీగ వదులుతుంటే, దించడం చేతి బరువే చూసుకుంటుంది. లోపల వార్మ్ గేరు (మోటారు తిప్పితే తిరుగుతుంది గానీ, అవతలి నుంచి లాగితే సాధారణంగా వెనక్కి తిరగని మరచుట్టు గేరు) కాబట్టి బ్యాటరీ అయిపోయినా చెయ్యి సాధారణంగా ధబేల్న పడదు. కానీ అలాగే ఇరుక్కుపోతుంది కూడా! అందుకే తీగ చివర రెండో చేత్తో లాగితే ఊడే పిన్ను పెట్టు. ఫిజియో చెప్పిన కోణం దగ్గర లిమిట్ స్విచ్చితో (చెయ్యి అక్కడికి రాగానే మోటారు ఆపే స్విచ్చి) పాటు కదలని ఇనప అడ్డు కూడా ఉండాలి. నాన్నగారికి కట్టేముందు, ఇసక సంచితో ఓ రోజంతా ఆడించి చూడు.